చెవులిచ్చి నేర్చుకున్న పలుకు

ప్లేస్‌మెంట్ల సీజన్ దగ్గరపడిందంటే మన హాస్టళ్లలో రాత్రి పదిన్నర దాటాక ఒక వింత నడుస్తుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, అద్దం ముందు నిలబడి, నోరు బార్లా తెరిచి క్యాట్, బ్యాడ్, ల్యాప్ అంటూ సాగదీసేవాళ్లు కొందరు. కప్ అనే మాటలో ఉన్న అచ్చు, కాప్ అనే మాటలో ఉన్న అచ్చు వేరువేరుగా పలకలేక అలసిపోయేవాళ్లు కొందరు. అమెరికా యాస నేర్పే వీడియోలకి మన సత్తుపల్లిలో కూడా గిరాకీ తక్కువేమీ లేదు. ఎమ్మెస్‌కి పోవాలన్నా, అమెరికా క్లయింటుతో కాల్ మాట్లాడాలన్నా అచ్చులు సరిగ్గా రావాలట.

ఆ వీడియోల్లో స్క్రీన్ మీద కొన్ని గుర్తులు కనిపిస్తాయి. ఏ, ఈ అనే ఇంగ్లీషు అక్షరాలు రెండూ వీపులు అతుక్కున్నట్టు ఒకటి. బోల్తాపడిన చిన్న ఈ ఒకటి. తలకిందులైన వీ ఇంకొకటి. ఇవి అంతర్జాతీయ ధ్వనిలిపి గుర్తులు, పొట్టిగా ఐపీఏ. 1886లో ప్యారిస్‌లో పాల్ పాసీ అనే ఆయన, ఇంకొందరు భాషా టీచర్లు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. స్పెల్లింగుని నమ్ముకుంటే పిల్లలకి ఉచ్చారణ రాదని, ఒక్కో ధ్వనికి ఒక్కో గుర్తు ఉండాలని వాళ్ల పట్టుదల. 1888 నుంచి ఆ గుర్తుల పట్టిక బయటకొచ్చింది.

ఇవే గుర్తులతో మన తెలుగు బడిపంతులు ఒకాయన దాదాపు వందేళ్ల కిందట కుస్తీ పట్టాడు. ఆయనకి వీసా అక్కర్లేదు, ఇంటర్వ్యూ లేదు. పర్లాకిమిడి కొండల్లో ఉండే సవరల మాట నేర్చుకోవడానికి పట్టాడు. ఆయన గిడుగు వెంకట రామమూర్తి.

పేరు మనకి తెలుసు. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజే. ప్రతి ఏడాదీ ఆ రోజు ఫోటోకి దండ వేస్తాం, వ్యావహారిక భాషోద్యమ పితామహుడు అంటాం, వక్తృత్వం పోటీ పెడతాం, ప్రైజులిచ్చి ఇంటికి పోతాం. సవర భాషకి కూడా సేవ చేశారు అని ఒక్క లైను చివర్లో వస్తుంది. నాకు ఆ ఒక్క లైనే పెద్ద కథలాగా అనిపించింది కాబట్టి ఇక్కడ దాన్నే ఎక్కువ రాస్తున్నాను.

1863లో శ్రీకాకుళం దగ్గర, వంశధార ఒడ్డున, ముఖలింగం గుడికి దగ్గర్లో ఉన్న పర్వతాలపేట అనే చిన్న ఊళ్లో పుట్టారు. నాన్న వీర్రాజు గారు రెవెన్యూలో ఉద్యోగి, అమ్మ వెంకమ్మ గారు. నాన్న విషజ్వరంతో పోయేసరికి ఈయనింకా చిన్నపిల్లవాడే. బంధువుల ఇంట్లో ఉండి విజయనగరం మహారాజావారి ఇంగ్లీషు స్కూల్లో చదివారు. అక్కడ ఆయన క్లాస్‌మేట్ గురజాడ అప్పారావు. (ఇద్దరూ ఒకే బెంచీలో కూర్చున్నారో లేదో తెలియదు గానీ, ఆ క్లాసు అటెండెన్స్ రిజిస్టరు ఎక్కడైనా దొరికితే మ్యూజియంలో పెట్టాలి.) మెట్రిక్ పాసవగానే చదువు ఆపేయాల్సొచ్చింది. ఇల్లు గడవాలి కదా. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ముప్పై రూపాయల జీతానికి టీచరుగా చేరారు. అప్పటికి పదిహేడేళ్లు. అంటే మనం బీటెక్‌లో చేరే వయసు.

మిగతా చదువంతా ఉద్యోగం చేస్తూనే, ప్రైవేటుగా. 1886లో ఎఫ్.ఏ., ఆ పైన బీ.ఏ. పాసై తర్వాత అదే ఊరి కాలేజీలో చరిత్ర చెప్పారు. ఈ మనిషికి ఒక అలవాటు ఉంది. ఎదురుగా అర్థంకానిది కనిపిస్తే దాన్ని వదిలిపెట్టేవారు కాదు. ముఖలింగం గుడి గోడల మీద పాత శాసనాలున్నాయి, చదివేవాళ్లు లేరు. పాత లిపి చదవడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకుని ఆ శాసనాలు చదివారు, వాటి మీద ఇంగ్లీషులో వ్యాసాలు రాశారు.

అట్లాగే సవరలు. పర్లాకిమిడి చుట్టూ కొండలు, కొండల మీద సవర గూడేలు. సంతరోజు అడవి సరుకు మోసుకుని వాళ్లు కిందికి దిగేవారు. వాళ్ల మాట ఊళ్లోవాళ్లకి తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎవరికీ లేదు. అదొక భాషే కాదు, ఏదో అరుపు అనుకునేవాళ్లు చాలామంది. భాష రాని అధికార్లకీ, భాష వచ్చిన దళారులకీ మధ్యలో సవరలు నలిగిపోయేవాళ్లు. రామమూర్తి గారు తెలుగు కొంచెం వచ్చిన ఒక సవర కుర్రాడిని తన ఇంట్లో పెట్టుకుని, తిండిపెట్టి, అతని దగ్గర పాఠం మొదలుపెట్టారు. ఆ కాలంలో, ఆ కులంలో పుట్టిన మనిషి ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. టీచరే స్టూడెంట్ అయ్యాడు, కొండమీద పిల్లాడు టీచర్ అయ్యాడు.

ఇక్కడ కొంచెం ఆగి టెక్నికల్ సంగతి చెప్పాలి. సవర మన తెలుగుకి చుట్టం కాదు. మా సత్తుపల్లి నుంచి దమ్మపేట, అశ్వారావుపేట వైపు పోతే పామాయిల్ తోటలు దాటాక వచ్చే గూడేల్లో మాట్లాడే కోయ భాష ఉంది చూడండి, అది ద్రావిడ భాషే, గోండికి దగ్గర, తెలుగుకి కూడా దూరపు బంధువు. సవర అట్లా కాదు. అది ముండా భాష. దాని చుట్టాలు సంతాలీ, ముండారీ. ఇంకా దూరం పోతే కంబోడియాలో మాట్లాడే ఖ్మేర్, వియత్నామీస్. కాబట్టి తెలుగు వచ్చినా, సంస్కృతం వచ్చినా, ఇంగ్లీషు వచ్చినా సవర విషయంలో ఒక్క ముక్క కూడా సాయం చెయ్యదు. సున్నా నుంచి మొదలు.

పైగా ధ్వనులు. మన అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ, వాటి దీర్ఘాలు. సవరలో వీటి మధ్య సందుల్లో కూర్చునే అచ్చులున్నాయి. నాలుక ముందుకీ పోకుండా, వెనక్కీ పోకుండా, నోటి మధ్యలో తేలుతూ పలికేవి. అమెరికా యాస వీడియోల్లో ష్వా అని చెప్పి మనల్ని విసిగించే బోల్తాపడిన ఈ ఉంది కదా, ఆ బాపతు అన్నమాట. అబౌట్ అన్నప్పుడు మొదట ఉండే నీరసమైన అచ్చు. మనం దాన్ని నిండుగా అ అనేస్తాం, మన నోటికి అలవాటైన దగ్గరి గడిలోకి తోసేస్తాం. సవర మాటని కూడా తెలుగువాళ్లు అట్లాగే తోసేసేవారు.

ఇంకొకటి గొంతు బిగింపు. అమెరికావాళ్లు బటన్, మౌంటెన్ అనేటప్పుడు మధ్యలో ట పూర్తిగా పలకరు, గొంతులో గాలి టక్కున ఆపి వదులుతారు. వీడియో మాస్టర్లు దీన్ని పెద్ద సీక్రెట్‌లాగా మూడో వారంలో చెప్తారు. సవరలో ఈ గొంతు బిగింపు అడుగడుగునా వస్తుంది. మాట చివర వచ్చే హల్లుని కూడా అట్లా బిగించి, బయటికి వదలకుండా మింగేసినట్టు పలుకుతారు. తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు లేకపోతే మనకి ఊపిరాడదు. బస్ అంటే బస్సు, బుక్ అంటే బుక్కు. మన ఇంగ్లీషులో ఇంటర్వ్యూ చేసేవాళ్లు ముందు పట్టుకునేది ఈ చివరి ఉ నే. ఆ ఉ ని వదిలించుకోవడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకి, సవర హల్లు మింగడం రామమూర్తి గారికి ఎంత కష్టమై ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

మరి వినేదెట్లా? రికార్డింగ్ లేదు, స్లో చేసి వినే బటన్ లేదు. డేనియల్ జోన్స్ అని ఇంగ్లీషు ఉచ్చారణ నిఘంటువు చేసిన పెద్దాయన ఒకరున్నారు. ఆ పుస్తకం 1917లో వచ్చింది. అచ్చుల పటం గీసి ప్రపంచం మొత్తానికి కొలబద్దలాగా ఇచ్చింది ఆయనే. అలాంటి జోన్స్ కూడా, ఈ అచ్చులు కాగితం మీద వర్ణన చదివితే రావని, తెలిసిన మనిషి నోట విని నేర్చుకోవలసిందేనని నమ్మేవాడు. రామమూర్తి గారికి ఆ తెలిసిన మనిషి కొండ మీద ఉన్నాడు. కాబట్టి కొండ ఎక్కారు. ఒక్కసారి కాదు, ఏళ్ల తరబడి సెలవులొస్తే కొండకే. గూడెంలో కూర్చోవడం, వాళ్ల పాటలు, కథలు వినడం, రాసుకోవడం, తాను పలికి వాళ్ల చేత దిద్దించుకోవడం. ఇంట్లో రాత్రి పూట హెన్రీ స్వీట్, ఓటో యెస్పెర్సన్ లాంటి యూరప్ భాషావేత్తల పుస్తకాలు. ఈ స్వీట్ 1877లో ధ్వనిశాస్త్రం మీద ఒక చేతిపుస్తకం రాశాడు. బెర్నార్డ్ షా పిగ్మేలియన్ నాటకంలో పూలమ్మే అమ్మాయికి గొప్పింటి యాస నేర్పే ప్రొఫెసర్ ఉంటాడు కదా, మై ఫెయిర్ లేడీ సినిమాలో కూడా చూసే ఉంటారు, ఆ పాత్రలో స్వీట్ పోలికలు కొన్ని ఉన్నాయని షా తనే చెప్పుకున్నాడు.

నాకు ఇక్కడ ఒక తేడా గట్టిగా తగిలింది. ఆ నాటకంలో కిందివాళ్లు పైవాళ్ల యాస నేర్చుకోవాలి, అప్పుడే బతుకు. మనం చేసేది కూడా అదే. సత్తుపల్లి వాడు హైదరాబాద్ యాస సర్దుకుంటాడు, హైదరాబాద్ వాడు అమెరికా యాస సర్దుకుంటాడు. ఎప్పుడూ మెట్లు ఎక్కడమే. రామమూర్తి గారు సవరల అచ్చులు నేర్చుకుంటే జీతం పెరగదు, ఊళ్లో పరువు పెరగదు, పైగా నవ్వుతారు. ఆయన చదువుకున్న మనిషి నోరుని కొండమీది మనిషి నోటికి తగ్గట్టు దిద్దుకున్నాడు. మన దగ్గర కోయ ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు తెలుగు క్లాసులో ఒక అచ్చు అటూ ఇటూ పలికితే వెనక బెంచీ నుంచి నవ్వు వస్తుంది. నవ్వినవాళ్లే సాయంత్రం జూమ్ కాల్‌లో మనల్ని చూసి అమెరికావాడు నవ్వుతాడేమో అని భయపడతారు. కోయలో పది మాటలు సరిగ్గా పలకగలిగేవాళ్లు మన క్యాంపస్‌లో ఎంతమంది అని అడిగితే లెక్కకి ఒక చెయ్యి చాలు, అదీ వాళ్లింటి పిల్లల్ని తీసేస్తే.

సరే, కథలోకి వద్దాం. భాష వచ్చాక ఆయన చేసిన మొదటి పని తనకోసం కాదు. సవర పిల్లలకి బడి పెట్టారు, సవర భాషలోనే. తన డబ్బుతో నడిపారు, పంతుళ్లకి జీతాలిచ్చారు. బడి పెడితే పుస్తకాలు కావాలి. ఆ భాషకి రాత లేదు, కాబట్టి పుస్తకం అనేదే లేదు. తెలుగు లిపిలో సవర వాచకాలు, కథలు, పాటలు, నిఘంటువు తయారుచేశారు. ఈ రోజు మాతృభాషలో ప్రాథమిక విద్య అని పాలసీ డాక్యుమెంట్లలో చదువుతున్నాం. ఆయన దాన్ని వందేళ్ల కిందట, అడవిలో, సొంత జేబులోంచి చేశారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చుకుని పారితోషికం ఇస్తామంటే, డబ్బు నాకొద్దు, దానితో సవరలకి ఇంకా బళ్లు పెట్టండి అన్నారు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారతంలోని కులాలు, తెగల మీద ఏడు పెద్ద సంపుటాలు అచ్చువేశాడు. అందులో సవరల భాగానికి సమాచారం ఇచ్చినవాళ్లలో రామమూర్తి పంతులు గారు ముఖ్యులు.

ఇక ఖర్చు సంగతి. ఖర్చు అంటే డబ్బు కాదు. ఆ కొండల్లో మలేరియా ఎక్కువ. వెళ్లినప్పుడల్లా జ్వరం. మలేరియాకి అప్పట్లో ఉన్న ఒకే మందు క్వినైన్. సింకోనా చెట్టు బెరడు నుంచి తీస్తారు. ప్రాణం నిలబెడుతుంది గానీ, ఎక్కువ వాడితే చెవుల్లో హోరు మొదలవుతుంది, వినికిడి తగ్గుతుంది. రామమూర్తి గారికి అదే జరిగింది. చెవుడు వచ్చేసింది. ఆ తర్వాత జీవితమంతా అట్లాగే.

దీన్ని రెండుసార్లు చదవండి. ఒక భాషలోని అతి సన్నని ధ్వనుల్ని, మిగతా ఎవరికీ పట్టని అచ్చుల తేడాల్ని వినడానికి వెళ్లి, ఆ వినడానికే చెవులు పోగొట్టుకున్నాడు. సినిమాలో పెడితే ఓవర్‌గా ఉంది అంటాం.

విచిత్రం ఏమిటంటే పని ఆగలేదు. ఎట్లా ఆగలేదు అని నేను చాలా ఆలోచించాను. నా ఊహ ఇది. ధ్వనిశాస్త్రం నేర్చుకున్నవాడికి అచ్చు అంటే చెవిలో శబ్దం ఒక్కటే కాదు, అది నోట్లో ఒక చోటు. దవడ ఎంత తెరవాలి, నాలుక వీపు ఎంత లేవాలి, పెదాలు గుండ్రమా సాగదీతా. మీరే చూడండి. మేడ అనండి, తర్వాత మేడి అనండి. రెండిట్లోనూ మే ఒకటే రాస్తాం. కానీ మేడ అన్నప్పుడు దవడ కొంచెం ఎక్కువ దిగుతుంది, ఎందుకంటే వెనక అ ఉంది. మేడి అన్నప్పుడు దిగదు. చెవులు మూసుకుని పలికినా ఆ తేడా దవడకి తెలుస్తుంది. ఏళ్ల తరబడి సాధన చేసిన నోరు అది. చెవి పోయినా నోరు మర్చిపోలేదు. పైగా పెద్ద కొడుకు సీతాపతి కూడా సవర నేర్చుకుని తండ్రి పనిలో చెయ్యి వేశాడు.

1906 ప్రాంతంలో ఇంకొక మలుపు వచ్చింది. ఇది అందరికీ తెలిసిన గిడుగు కథ, కాబట్టి త్వరగా చెప్తాను. యేట్స్ అనే ఇంగ్లీషాయన ఉత్తరాది జిల్లాల స్కూళ్ల ఇన్‌స్పెక్టర్. తెలుగు నేర్చుకుంటున్నాడు. పుస్తకంలో నేర్చుకున్న తెలుగు బయట ఎవరూ మాట్లాడరేంటి అని ఆయనకి సందేహం. మనం గ్రామర్ బుక్ ఇంగ్లీషు బట్టీపట్టి నెట్‌ఫ్లిక్స్ సిరీస్ పెట్టగానే ఒక్క ముక్క అర్థంకాక తల పట్టుకుంటామే, అదే బాధ రివర్స్‌లో. ఆయన ఈ సంగతి అడిగితే చాలామంది పండితులు పామరుల భాష అంతే అని కొట్టేశారు. గురజాడ, రామమూర్తి, విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పీటీ శ్రీనివాస అయ్యంగార్ మాత్రం ఆ ప్రశ్న సరైనదే అన్నారు. అక్కడి నుంచి వ్యావహారిక భాషోద్యమం. 1911లో ఉద్యోగం నుంచి రిటైరై పూర్తిగా దీంట్లో దిగారు. అదే ఏడాది ఆంధ్ర సాహిత్య పరిషత్తు పుట్టింది, జయంతి రామయ్య పంతులు గారి లాంటి పెద్దలు గ్రాంథికం వైపు నిలబడ్డారు. స్కూలు ఫైనలు వ్యాసం వాడుక భాషలో కూడా రాయొచ్చని ప్రభుత్వం ఒక దశలో ఒప్పుకుంది, గొడవయ్యాక వెనక్కి తీసుకుంది. 1915లో గురజాడ పోయారు. రామమూర్తి గారు మాత్రం ఊరూరూ తిరిగి, సభల్లో గంటల తరబడి మాట్లాడారు. పండితులు రాసిన పుస్తకాల్లోంచే తప్పులు ఏరి, మీకే రాని భాష పిల్లల మీద ఎందుకు రుద్దుతారని నిలదీశారు. 1919లో తెలుగు అనే పేరుతో ఒక పత్రిక నడిపారు, ఏడాదిపాటు.

ఈ రెండు పనుల్నీ మనవాళ్లు వేరువేరుగా చెప్తారు. సవర ఒకటి, తెలుగు ఒకటి. నాకు రెండూ ఒకటే అనిపిస్తాయి. సవరకి పుస్తకం లేదు, కాబట్టి దాన్ని నేర్చుకోవాలంటే నోటి మాట ఒక్కటే దిక్కు. అట్లా ఒక భాషని నోటి నుంచి మొదలుపెట్టి నేర్చుకున్న మనిషి, తిరిగి వచ్చి తెలుగుని చూస్తే ఏం కనిపిస్తుంది? ఇక్కడ పుస్తకం ఉంది, నోటిని తప్పు అంటోంది.

దీనికి నాకు నచ్చిన ఉదాహరణ ఒకటి. మనం రోజూ అనే మాట, వచ్చాడు. చ తర్వాత ఏ అచ్చు పలుకుతున్నారో గమనించండి. చాలామంది నోట అది నిండు ఆ కాదు, ఏ కూడా కాదు, రెండిటికీ మధ్య. భాషావేత్తలు దీన్ని తెలుగులో ఒక వేరే అచ్చుగానే లెక్కపెట్టారు. దీనికి మన వర్ణమాలలో అక్షరం లేదు. అందుకే ఒకరు వచ్చాడు అని, ఒకరు వచ్చేడు అని, పాతకాలంలో ఇంకొకరు వచ్చ్యాడు అని రాసేవారు. గ్రాంథికంలో వచ్చినాడు, వచ్చెను అని రాసేస్తే సమస్యే లేదు, ఎందుకంటే ఆ అచ్చు అక్కడ లేనేలేదు. నోటి మాటని కాగితం మీద పెట్టాలనుకున్నవాళ్లకే ఈ తలనొప్పి. ఇప్పుడు అమెరికా క్యాట్‌కి రండి. అద్దం ముందు నిలబడి గంటలకొద్దీ సాధన చేస్తున్న ఆ వీపులతుకు గుర్తు అచ్చు, మనం పొద్దున్నుంచి రాత్రిదాకా వచ్చాడు, తిన్నాడు... కాదు, వచ్చాడు, పడేశాడు అంటూ వాడుతున్న అచ్చుకి బాగా దగ్గర చుట్టం. (తిన్నాడులో మాత్రం మామూలు ఆ యే, పలికి చూసుకోండి.) మన నోట్లో ఉన్నదే. అక్షరం లేదు కాబట్టి లేదనుకున్నాం, అంతే. ఏ కోచింగ్ సెంటర్‌లోనూ ఈ మాట చెప్పినవాళ్లు నాకు కనబడలేదు. ఇంగ్లీషు మీడియంలో చదివిన మనకి తెలుగు అచ్చుల గురించి అ ఆ ఇ ఈ పాట తప్ప ఇంకేదీ చెప్పలేదు కదా.

సవర పని చాపకింద నీరులాగా నడుస్తూనే ఉంది. 1913లో ప్రభుత్వం రావు సాహెబ్ బిరుదు ఇచ్చింది. 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం ఆయన సవర వ్యాకరణాన్ని ఇంగ్లీషులో అచ్చువేసింది. ఈ పుస్తకం ముందు పేజీ చూస్తే మీకు నవ్వొస్తుంది. పేరులోనే భాష పేరుని ఐపీఏ పద్ధతిలో రాశారు, సో తర్వాత రెండు చుక్కలు, రా తర్వాత రెండు చుక్కలు. ఆ చుక్కలు దీర్ఘానికి గుర్తు. తెలుగువాడు చూస్తే విసర్గ అనుకుని సోహ, రాహ అని చదివేస్తాడు. అరవై ఎనిమిదేళ్ల వయసులో, పుస్తకం పేరు దగ్గరే పాఠకుడిని ఆపి, ముందు నువ్వు దీన్ని సరిగ్గా పలుకు, తర్వాత లోపలికి రా అన్నట్టుంది. 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువు వచ్చింది. కైజర్-ఇ-హింద్ పతకం కూడా వచ్చింది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అటు పోయింది. పోకూడదని రామమూర్తి గారు గట్టిగా పోరాడారు, ఫలితం లేకపోయింది. యాభై ఆరేళ్లు బతికిన ఊరు. చేతికందిన సామాన్లతో వదిలేసి రాజమండ్రి వచ్చేశారు. డెబ్బై దాటిన, చెవులు వినపడని మనిషి. తెలుగు కోసం ఊరు వదిలారని అందరూ గొప్పగా చెప్తారు, నిజమే. కానీ ఆ రోజు ఆయన వెనక వదిలింది ఊరొక్కటే కాదు, సవర కొండలు కూడా. మనసు ఎట్లా ఒప్పుకుందో.

అదే 1936లో ఒరిస్సా వైపు మంగే గొమాంగో అనే సవర పెద్ద తన భాషకి సొంత లిపి తయారుచేశాడు. దాని పేరు సొరాంగ్ సొంపెంగ్. మన బ్రాంచి వాళ్ల కోసం చెప్తున్నాను, 2012లో వచ్చిన యూనికోడ్ 6.1లో దానికి చోటు దొరికింది. భాషే కాదని ఊళ్లోవాళ్లు కొట్టేసిన మాటకి ఇప్పుడు కోడ్ పాయింట్లున్నాయి. రామమూర్తి గారు వాడింది తెలుగు లిపి, తర్వాత ఐపీఏ. ఈ మూడిట్లో సవరకి ఏది బాగా నప్పుతుందో చెప్పే హక్కు సవరలదే, మనది కాదు.

రాజమండ్రి వచ్చాక కూడా ఆయన ప్రూఫులు దిద్దుతూనే ఉన్నారు. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. అదే ఏడాది ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. అప్పటికి ఆయనకి డెబ్బై అయిదేళ్లు. సవర మాట ఒకటి చెవిన పడి అప్పటికి చాలా కాలమైంది. నిఘంటువులో మాత్రం ఒక్కో మాట పక్కన దాని అచ్చు పొడుగెంతో, పొట్టిదో, గొంతు ఎక్కడ బిగించాలో గుర్తులు వరసగా ఉన్నాయి. 1940 జనవరి 22న ఆయన పోయారు. సవర మాటల పని సీతాపతి గారు కొనసాగించారు.